బోనుల్లో పెంచే గుడ్ల కోళ్ళ విషయంలో చట్టం ఏమంటోంది?

ప్రశ్న:
తణుకు దగ్గర మా మేనమామ గారికి లేయర్ కోళ్ళ షెడ్డు ఉంది. మొన్న వేసవిలో అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. బోనుకు నాలుగేసి కోళ్ళు ఉన్నాయి. వాటిలో ఒకటి దాణా తొట్టికి మెడ చాచాలంటే పక్కది వెనక్కి ఒదగాలి. రెక్కలు పూర్తిగా విప్పిన కోడి ఒక్కటీ నాకు కనిపించలేదు. తీగల మీదే నిలబడడం వల్ల గోళ్ళు వంకర తిరిగిపోయాయి. దీనికి చట్టంలో అడ్డు లేదా? మామయ్యనే అడిగితే నొచ్చుకుంటారని ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి జవాబు:
ఉందండీ. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. లా కమిషన్ కూడా 2017లో తన 269వ నివేదికను పూర్తిగా కోళ్ళ పెంపకం, రవాణాలకే కేటాయించింది. ఐరోపా సమాఖ్య 2012 నుంచి పాతరకం బోనులను నిషేధించి, గూడు, కూర్చునే కర్ర ఉన్న పెద్ద బోనుల్లో సైతం కోడికి 750 చదరపు సెంటీమీటర్లు తప్పనిసరి చేసింది. ఏ4 కాగితం వైశాల్యమే 624. మన షెడ్లలో కోడికి దక్కేది అంతకన్నా తక్కువ.

రెండో జవాబు:
ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు చూసింది నిజం. అయితే గుడ్డు ధర గానీ, మొక్కజొన్న, సోయా ధరలు గానీ రైతు చేతిలో లేవు. బోనులో గుడ్డు శుభ్రంగా ముందుకు దొర్లి వస్తుంది, కోడి పెంటకు దూరంగా ఉంటుంది కనుక రక్తపారుడు తగ్గుతుంది, పనివాళ్ళు తక్కువ సరిపోతారు. రెండేళ్ళ క్రితం నేను బోనుకు మూడు కోళ్ళే అన్న లెక్క పెట్టుకున్నాను. ఆదాయం తగ్గినా మే నెల ఎండల్లో చావులు బాగా తగ్గాయి.

మూడో జవాబు:
పశువైద్యుడిగా ఒక్క మాట చేరుస్తాను. ఒక్కో గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడి అందులో కొంత తన ఎముకల నుంచే తీస్తుంది, పైగా నడక లేకపోవడంతో ఆ ఎముకలు ఇంకా పెళుసవుతాయి. గుడ్లు తగ్గిన కోళ్ళ బ్యాచ్‌ను షెడ్డు నుంచి తీసేసే రోజున కాళ్ళు పట్టి బయటికి లాగుతుంటే అవి విరిగే చప్పుడు నేను విన్నాను. మీ మామయ్య గారితో చట్టం మాట తరువాత ఎత్తండి; ముందు ఆ రోజున కోళ్ళను రెండు చేతులతో ఒంటిని పట్టి తీయించమనండి.