"అది నువ్వే"నా, "నువ్వు అదే"నా?

పాతకాగితం:
ఒక వాక్యం నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. డిగ్రీలో ఉండగా అట్ట ఊడిన పాత పుస్తకంలో చదివాను. జర్మన్ వేదాంత పండితుడు పాల్ డాయ్‌సన్ 1893లో బొంబాయిలో చేసిన ప్రసంగం. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమంది బైబిలు, బాగానే ఉంది, కానీ ఎందుకు ప్రేమించాలి, వాడికి దెబ్బ తగిలితే నాకు నొప్పెయ్యదు కదా, దానికి జవాబు వేదంలో ఉంది అంటాడు. (మాటలు నావి, భావం ఆయనది.) ఆ వెంటనే ఆ జవాబుకి, అంటే ఉపనిషత్తులోని "తత్త్వమసి" వాక్యానికి, తెలుగు ఇచ్చారు. అది "అది నువ్వే" అనా, "నువ్వు అదే" అనా? ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉందా?

అరసున్న:
రెండూ ఒకటే కదండీ.

బండిర:
ఎలా ఒకటవుతాయి మాస్టారూ! పాత ఫొటోలో మూల నిలబడి ఏడుస్తున్న పిల్లాణ్ణి చూపించి ఎవరని అడిగితే "అది నువ్వే" అంటాం. ఏకారం "నువ్వు" మీద పడింది, ఇంకెవరో కాదని. "నువ్వూ అదే బాపతు" అన్నామంటే మాత్రం నీ సరుకేమిటో చెప్తున్నాం. ఒక్క ఏకారం జరిగితే తిట్టయిపోయింది చూడండి.

ఉత్పలమాల:
బండిర గారితో సగమే ఏకీభవిస్తాను. తత్త్వమసి వచ్చే ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతు పన్నెండేళ్ళు చదివి, ఇరవై నాలుగో ఏట అన్నీ తెలుసన్న పొగరుతో ఇంటికొచ్చాడు. తండ్రి నీళ్ళలో ఉప్పు వేయించి, పైన, మధ్యన, అడుగున రుచి చూడమంటాడు. కంటికి కనపడకుండా అంతటా ఉన్నదేదో నువ్వూ అదే అని చెప్పడానికి. అక్కడ ప్రశ్న "నేనేమిటి" అన్నది. కాబట్టి "నువ్వు అదే" కరెక్టు. పొరుగువాడు ఆ కథలోనే లేడు.

అరసున్న:
అయితే పొరుగువాణ్ణి తెచ్చింది జర్మన్లన్నమాట. నిజానికి డాయ్‌సన్ కంటే ముందే జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్ తెచ్చాడు. ఆయన చదివింది సంస్కృతం కాదు. మొగలు రాకుమారుడు దారా షికో 1657లో యాభై ఉపనిషత్తులు పారసీలోకి చేయిస్తే, దాన్ని ఫ్రెంచి పండితుడు ఆంకెటిల్ దుపెరాన్ 1801-02లో లాటిన్‌లో అచ్చేశాడు. ఆ లాటిన్ పుస్తకంలో మన మహావాక్యం "తతూమెస్" అయి కూర్చుంది! షోపెన్‌హావర్ అదే రాసి, పక్కనే "తత్ త్వం అసి" అని దిద్దుకున్నాడు. అర్థం "దీస్ బిస్ట్ దు" అన్నాడు, అంటే "ఇది నువ్వే". ఎదురుగా ఉన్న ప్రాణిని వేలుపెట్టి చూపిస్తున్నట్టు. డాయ్‌సన్ 1897లో అరవై ఉపనిషత్తుల్ని నేరుగా సంస్కృతం నుంచి చేస్తూ "దాస్" అన్నాడు, అది. ఇది కాస్తా అదయింది, కానీ బొంబాయి ప్రసంగంలో వేలు మాత్రం పొరుగువాడి మీదే ఉంది.

బండిర:
డాయ్‌సన్ పాస్టరు గారబ్బాయి కదా మరి. బైబిలు వాక్యం వదల్లేడు, షోపెన్‌హావర్‌నీ వదల్లేడు. ఆ పిచ్చి అంటించింది షుల్ప్‌ఫోర్టా స్కూల్లో తోటివాడు, తర్వాత తత్త్వవేత్త అయిన నీషే. తర్వాత నీషే షోపెన్‌హావర్‌ని వదిలేశాడు, ఈయన 1911లో ఏకంగా షోపెన్‌హావర్ సంఘమే పెట్టాడు. ఇంకోటి, ఆయన డాయ్‌సన్ కాదు, డోయ్‌సెన్. జర్మన్లో e, u అచ్చులు రెండూ కలిస్తే "ఒయ్".

ఉత్పలమాల:
ఆయన తన పేరుని "దేవసేన" అని సంస్కృతంలోకి మార్చుకున్నాడు, మనం డోయ్ అంటే ఏం, డాయ్ అంటే ఏం. 1896లో వివేకానందుడు జర్మనీలో కీల్ వెళ్ళి కలిసింది ఈ దేవసేననే. ఏకారం కోసం కొట్టుకుంటున్నారు గానీ, జీవుడూ బ్రహ్మమూ వేరనే మధ్వులు అకారం కోసం కొట్టుకున్నారు. ఆ వాక్యంలో ముందున్న "స ఆత్మా" తర్వాత "అతత్ త్వమసి" అని విడదీస్తే "నువ్వు అది కాదు" అని తేలింది. సంధి ఒప్పుకుంటుంది కూడా.

అరసున్న:
మనవాళ్ళలో ఏకారాన్ని సరైన చోట పెట్టింది అన్నమయ్య. "బ్రహ్మమొకటే". నువ్వు మీదా కాదు, అది మీదా కాదు, ఒకటి మీద! "అండనే బంటు నిద్ర అదియు నొకటే" దగ్గర "అది" కూడా వచ్చింది. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అని చెప్పాక డోయ్‌సెన్ గారి "ఎందుకు" ఇంకెక్కడిది? ఆ పాటలోనే "మెండైన బ్రాహ్మణుడు మెట్ట భూమి యొకటే" అంటాడు చూడండి, అదీ తత్వం.

బండిర:
"మెట్ట" కాదు, "మెట్టు". తొక్కే నేల. మెట్ట భూమంటే జొన్నలు వేసుకునేది. తత్వం కూడా కాదు, తత్త్వం. ఒక త మింగేశారు.

పాతకాగితం:
అన్నమయ్య దాకా వెళ్ళారు, సంతోషం. నా పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అడిగితే పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశామన్నారు.

అరసున్న:
అయ్యో. బండిర గారూ, చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో "మెట్ట" అనే పాడేవారండీ.

బండిర:
అయితే మీ ఇంట్లో జొన్నలే పండించారు.