కథ చివర నాయకుడు రక్షణ పొందకపోతే అది క్రైస్తవ నవల కాదా?

తెల్లవారుజాము

అందరికీ వందనాలు. మూడు వారాలుగా తేల్చుకోలేకపోతున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

నేను ఉద్యోగం చేసుకుంటూ నవలలు రాస్తాను. పొద్దున్న నాలుగున్నరకి లేస్తే ఆరున్నరకి ఇల్లు మేలుకునేదాకా ఉన్న టైమే నాది. బైబిలు చదవడం అందులోనే, ప్రార్థన అందులోనే, నవలా అందులోనే. ఒక్కోరోజు పాత్రల గొడవ తలలో తిరుగుతూ ప్రార్థన సగంలో ఆగిపోతుంది. ఆ రోజంతా దేవుడి దగ్గర ఏదో దాచిపెట్టినట్టు ఉంటుంది. ఈ నవల అలా మూడేళ్లు రాశాను.

కథ ఇద్దరు అన్నదమ్ములది. ఇద్దరూ విశ్వాసంలో పెరిగినవాళ్లే. పెద్దవాడి కూతురు చిన్న వయసులో జబ్బు చేసి చనిపోతుంది. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించినా చనిపోతుంది. అప్పటినుంచి అతను సంఘానికి రాడు. ఎవరైనా ప్రార్థన మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు. మూడొందల పేజీలు గడిచినా తిరిగి రాడు. తల్లి తన గదిలో కూర్చుని అతని కోసం ప్రార్థిస్తూనే ఉంటుంది. నవల అక్కడ ముగించాను.

రాతప్రతి చదివిన మా ప్రార్థన గుంపు సహోదరి, "అతను మోకాళ్ల మీద పడకపోతే ఈ పుస్తకం వల్ల ఎవరికి మేలు?" అన్నారు. ప్రచురణకర్తలూ చివరి అధ్యాయంలో మారుమనస్సు ఉండాలన్నారు, అంటే అతను పశ్చాత్తాపపడి దేవుడి దగ్గరికి తిరిగి రావాలని. సరే అని రాయడానికి కూర్చున్నాను. పదకొండు రోజులు అదే అధ్యాయం. అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టగలిగాను కానీ, అతని నోటి నుంచి వచ్చిన ప్రార్థన నాది. అతను అలా మాట్లాడడు.

నేను మొండితనం చేస్తున్నానా? నిజంగా అడుగుతున్నాను.

పాత చందాదారు

సిస్టర్, నేను రచయితను కాను. చదివేదాన్ని. కాబట్టి చదివేవాళ్ల వైపునుంచే చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా ఆయన ఆపరేషన్ టైమ్‌లో ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నాను. పక్క కుర్చీలో ఎవరో వదిలి వెళ్లిన చిన్న కథల పుస్తకం ఉంది. అందులో ఒకామె అన్నీ పోగొట్టుకుని, చివరికి దేవుడి దగ్గరికి వస్తుంది. సాహిత్యంగా అది గొప్ప కథ కాకపోవచ్చు. కానీ ఆమె చేసిన ప్రార్థన అక్షరం పొల్లుపోకుండా నేనూ చేశాను. అప్పటికి నా సొంత మాటలు అయిపోయాయి.

ఆ రాత్రి నా చేతికి మీ నవల దొరికి ఉంటే? కూతురు చనిపోయింది, తండ్రి తిరిగి రాలేదు అని చదివి పుస్తకం మూసి ఉంటే? నాకు ఆ రాత్రి కావాల్సింది ప్రశ్న కాదు, తెరిచి ఉన్న తలుపు. మీరు నాలుగున్నరకి లేచి రాస్తున్నది నాలాంటి వాళ్ల కోసమే అయితే మమ్మల్ని ఆ వరండాలో వదిలేసి వెళ్లకండి.

ఎర్రసిరా

చాలా ఏళ్లుగా క్రైస్తవ నవలలకు ఎడిటింగ్ చేస్తున్నాను. పాత చందాదారు గారి మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. క్రైస్తవ నవల అని అట్ట మీద వేస్తే అది మాట ఇవ్వడం. తల్లి తను చదవకుండానే పదమూడేళ్ల కూతురికి ఇస్తుంది. బూతు ఉండదని, పడకగది తలుపు వేసే ఉంటుందని, చివరికి ఆశ మిగులుతుందని నమ్మి ఇస్తుంది. ఆ నమ్మకం మీదే ఈ పుస్తకాలు నడుస్తున్నాయి.

బోధ కోసం రాసిన కథ పనికిరాదనీ అనలేం. 1896లో అమెరికాలోని టొపీకాలో చార్లెస్ షెల్డన్ అనే పాస్టర్ ఆదివారం సాయంత్రాలు ప్రసంగానికి బదులు కథలో వారానికో అధ్యాయం చదివి వినిపించాడు. 'ఇన్ హిజ్ స్టెప్స్' అలా పుట్టింది. 'యేసైతే ఏం చేస్తాడు?' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ అల్లిన కథ. కాపీరైట్ సరిగా లేకపోవడంతో ఎందరో ప్రచురణకర్తలు అచ్చు వేసుకున్నారు. ఇప్పటికీ చదువుతున్నారు.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. నా ఎర్రసిరా ఎక్కువ ఖర్చయ్యేది చివరి ఇరవై పేజీల్లోనే. అక్కడిదాకా తాగుబోతు తాగుబోతులా, లాయరు లాయరులా మాట్లాడతారు. మోకాళ్ల మీద పడగానే అందరికీ ఒకే గొంతు వచ్చేస్తుంది. అందరూ అదే ప్రార్థన, అవే కన్నీళ్లు. తెల్లవారుజాము గారు పదకొండు రోజులు తంటాలు పడ్డది దీంతోనే అనుకుంటా. నా ఉద్దేశం అతను మారకూడదని కాదు. ఆ మార్పు అతని గొంతులో వినపడేదాకా మళ్లీ రాయాలని.

నాలుగో బెంచీ

ఈ గొడవ కొత్తది కాదు. లైసెన్సు లేకుండా ప్రసంగించినందుకు జాన్ బన్యన్ అనే ఇంగ్లిష్ బోధకుణ్ని 1660లో జైల్లో పెట్టారు. పన్నెండేళ్లు ఉన్నాడు. ఆయన 'యాత్రికుని ప్రయాణం' 1678లో అచ్చయింది. దాని ముందుమాట పద్యంలో ఉంటుంది. రాసింది స్నేహితులకు చూపిస్తే కొందరు అచ్చు వెయ్యమన్నారని, కొందరు వద్దన్నారని ఆయనే అందులో చెప్పుకున్నాడు. దేవుడి సంగతులు కట్టుకథలో చెప్పొచ్చా అన్నది అప్పటి పేచీ.

ఆ పుస్తకం మొదటి భాగం ఎలా ముగుస్తుందో గుర్తు తెచ్చుకోండి. కథానాయకుడి పేరే క్రైస్తవుడు. అతను పరలోక పట్టణం చేరతాడు. గంటలు మోగుతాయి. బన్యన్ అక్కడ ఆగలేదు. అజ్ఞానం అన్న పేరున్న మనిషి ఆ గుమ్మం దాకా వచ్చినా, అతన్ని కాళ్లూ చేతులూ కట్టి తీసుకుపోతారు. పరలోకపు గుమ్మం నుంచి కూడా నరకానికి దారి ఉందని అప్పుడు చూశాను అంటాడు బన్యన్. ఇన్ని తరాలు విశ్వాసులు చదివి పిల్లలకు చెప్పిన కథలో చివరి దృశ్యం రక్షణ పొందనివాడిది.

ఇంకోటి. ఇంగ్లిష్ రచయిత గ్రాహం గ్రీన్ 1940లో రాసిన 'ద పవర్ అండ్ ద గ్లోరీ'లో తాగుడుకి బానిసైన ఒక ప్రీస్టు ఉంటాడు. వట్టి చేతులతో దేవుడి దగ్గరికి పోతున్నానే అన్న బాధతోనే చనిపోతాడు. 1953లో రోమ్‌లోని మత పెద్దలు ఆ నవలను తప్పుబట్టి మార్చమన్నారు. గ్రీన్ మార్చలేదు. తర్వాత పోప్ ఆరో పాల్‌ను కలిసినప్పుడు, మీ పుస్తకాల్లో కొన్ని భాగాలు కొందరు కాథలిక్కులను ఎప్పుడూ నొప్పిస్తాయి, అది పట్టించుకోకండి అని ఆయనే అన్నారట. గ్రీన్ చెప్పుకున్న మాట ఇది.

అక్కా, మీరు మార్చకండి. మీ పాత్ర గురించి మీకు తెలిసింది ప్రార్థన గుంపుకి తెలియదు.

పాత చందాదారు

బ్రదర్, బన్యన్ కథలో అజ్ఞానం లోపలికి పోలేదు నిజమే. కానీ క్రైస్తవుడు చేరాడు కదా! అతను చేరడం చూసినవాళ్లం కాబట్టే రెండోది భరించాం. సిస్టర్ నవలలో చేరినవాళ్లు ఎవరు? యేసు ప్రభువు చెప్పిన కథలో కూడా, ఆస్తి పంచుకుపోయి అంతా పోగొట్టుకుని పందులు మేపిన తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చాడు. పందుల దగ్గర ఆపేయలేదు.

రెండో నవల

నాకూ ఇదే బతుకు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మన పని బయటివాళ్లకు అర్థం కాదు. మొదటి నవల వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు నన్ను పక్కకు తీసుకెళ్లి, "ఆ పిసినారి సంఘ పెద్ద ఫలానా ఆయనే కదా" అని చెరో పేరు చెప్పారు. ఇద్దరూ చెప్పిన మనుషులు నా మనసులో లేరు. అప్పటినుంచి ప్రతి పాత్రకీ ఉద్యోగం, ఒడ్డూపొడుగూ మార్చి, ఇది ఎవరినైనా గాయపరుస్తుందా అని చూసుకోవడం నా పనిలో భాగమైంది. సాయంత్రం బైబిలు స్టడీలో పక్కనున్నామె కన్నీళ్లతో తన కష్టం చెప్తుంటే, నాలోని రచయిత ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోబోతాడు. వాణ్ని అక్కడే నోరు మూయించాలి. ఆమె చెప్పింది ప్రార్థించమని, రాసుకోమని కాదు. ఇది నాకు ఇప్పటికీ కష్టమే.

అన్నిటికంటే కష్టం పాత్ర చేత ప్రార్థన చేయించడం. తెల్లవారుజాము గారు చెప్పింది చదివి వెన్ను జలదరించింది. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నేను నిజంగా దేవుడితో మాట్లాడుతున్నానా, నటిస్తున్నానా? నటిస్తుంటే ఆయన పేరు వ్యర్థంగా వాడినట్టే కదా? అందుకే రాసిన ప్రతి ప్రార్థననీ బయటికి చదువుతాను. గొంతులో తడబడితే కొట్టేస్తాను.

ఇక తప్పిపోయిన కుమారుడి సంగతి. పాత చందాదారు గారూ, ఆ కథలో కొడుకులు ఇద్దరు. చిన్నవాడు వచ్చాడు. తమ్ముడి కోసం విందు చేశారని పెద్దవాడు కోపంతో ఇంటి బయటే నిలబడ్డాడు. లోపలికి వెళ్లాడా? లూకా సువార్త 15వ అధ్యాయం తిరగేయండి. చెప్పరు. బైబిల్లో యోనా ప్రవక్త గ్రంథమూ దేవుడు అడిగిన ప్రశ్నతోనే ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో లేదు. ముగింపు వదిలేయడం మనం కనిపెట్టిన ఫ్యాషన్ కాదు.

సంఘ కాపరి

రెండో నవల గారు ఎత్తిన వచనం దగ్గరే ఒక మాట. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు, నిజమే. కానీ 28వ వచనం ఒకటి చెప్తుంది: తండ్రి బయటికి వచ్చాడు. విందు నడుస్తోంది, ఇంటినిండా మనుషులు. యజమాని అవన్నీ వదిలి వాకిట్లోకి వచ్చి కొడుకును బతిమాలుకున్నాడు.

నవలలో వెతకాల్సింది దాన్నే అనిపిస్తోంది. కొడుకు లోపలికి వెళ్లాడా అన్నది కొడుకు చేతిలోని సంగతి. రచయిత బలవంతాన తోయకూడదు. కానీ అతని కోసం ఎవరైనా బయటికి వచ్చారా? పాత చందాదారు గారు అడిగిన తలుపు అదేననుకుంటా. తల్లి గదిలో కూర్చుని ప్రార్థిస్తూనే ఉంది అన్నారు. మంచిదే. ఆమె ఆ గదిలోంచి బయటికి వచ్చిందా?

కాపరిగా నాకున్న బాధ కూడా చెప్తాను. ఆరాధనలో దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో మేము మైకు ఇచ్చేది కథ ముగిసినవాళ్లకే. నాకు జబ్బు ఉండేది, తగ్గింది. మా అబ్బాయి తాగేవాడు, మానేశాడు. కథ ఇంకా నడుస్తున్నవాళ్లు వెనక కూర్చుంటారు. వాళ్లు లేచి చెప్పడానికి మా ఆరాధనలో చోటు లేదు. కూతురిని పోగొట్టుకున్న తండ్రి నా సంఘంలోనూ ఉన్నాడు. అతని గురించి ఎవరో నవల రాశారంటే ముందు నేను చదువుతాను.

ఎర్రసిరా

కాపరి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయినా ఇలాంటి నవలకు వెనక అట్ట మీద కథ ఎటు పోతుందో దాచకుండా నాలుగు వాక్యాలు రాయాలి. ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు తెలియకుండా చేతిలో పెట్టకూడదు. ఈ ప్రచురణకర్తలు కాదంటే, ఇంకొకరి దగ్గరికి వెళ్లడానికీ మీరు సిద్ధపడాలి. ఏడాది పట్టొచ్చు.

తెల్లవారుజాము

ప్రతి మాటా రెండుసార్లు చదివాను. చెప్పకుండా దాటేసిన సంగతి ఇప్పుడు చెప్పాలి.

నవలలో తిరిగి రానివాడు మా తమ్ముడు. కారణం వేరు, ఊరు వేరు, అన్నీ మార్చాను. కానీ వాడే. తొమ్మిదేళ్లయింది. వాడి కోసం ప్రార్థించని రోజు లేదు, వాడు ఇంకా రాలేదు. నవలలో వాణ్ని మోకాళ్ల మీద కూర్చోబెడుతుంటే, దేవుడు ఇంకా ఇవ్వని జవాబు నేనే రాసేసుకుని ఆయన సంతకం పెట్టినట్టు అనిపించింది. కలం కదలకపోవడానికి అసలు కారణం అది.

కాపరి గారి ప్రశ్న నన్ను కుదిపేసింది. తల్లి గదిలోంచి బయటికి రాలేదు. రెండో డ్రాఫ్టులో వచ్చింది, నేనే తీసేశాను. ప్రతి ఆదివారం తమ్ముడికి నేను ఫోన్ చేస్తాను. విశ్వాసం మాట ఎత్తను, వాడు ఎత్తనివ్వడు. మోకాలి నొప్పి, బండి రిపేరు, పిల్లల పరీక్షలు మాట్లాడుకుంటాం. నవలలో తల్లి చేత అలాంటి ఫోన్లు చేయించాను. చదివితే ఏమీ జరగనట్టు ఉందని అన్నీ కొట్టేశాను. తొమ్మిదేళ్లుగా వాడు ఒక్క ఆదివారం కూడా ఫోన్ ఎత్తకుండా ఉండలేదు. అది ఏమీ జరగకపోవడమని ఎలా అనుకున్నానో!

ఈ పొద్దున్న ఆ ఫోన్లు మళ్లీ తెచ్చాను. చివరి అధ్యాయం ఫోన్ మోగడంతో మొదలవుతుంది. అతను ఎత్తుతాడు. మారుమనస్సు రాయలేదు, రాయను. ప్రచురణకర్తలకు అదే చెప్తాను. వాళ్లు వద్దంటే టెన్షన్ ఉంటుంది, భరిస్తాను.

పాత చందాదారు

సిస్టర్, నా మనసు పూర్తిగా మారలేదు. అతను మోకాళ్ల మీద పడాలనే నాకు ఇప్పటికీ ఉంది. పుస్తకం వస్తే చివరి పేజీలో దాని కోసమే వెతుకుతాను, దొరకదని తెలిసినా.

ఆదివారం తమ్ముడికి ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పండి. పేరు వద్దు. ఆ టైమ్‌కి ఇక్కడ నేను ప్రార్థనలో ఉంటాను.

తెల్లవారుజాము

సాయంత్రం నాలుగింటికి, అక్కా.