గాయపడిన సైనికుల ఫండ్‌కి పంపిన డబ్బు తిరిగి వచ్చేస్తోంది, తెలిసినవాళ్ళు చెప్పండి

బాల్కనీ తులసి
అందరికీ నమస్కారం. సాయంత్రం కాఫీ తాగి కూర్చున్నదాన్ని, ఇంకా ఇదే పని మీదున్నాను. మా అపార్ట్‌మెంట్ వాళ్ళం గాయపడిన సైనికుల కోసం చందాలు పోగుచేశాం. అరవై రెండు వేలు వచ్చింది. ఆర్మీ ఫండ్‌కి పంపుదామంటే ఎంతకీ వెళ్ళదు. నెఫ్ట్ చేస్తే కాసేపాగి వెనక్కి వచ్చేస్తోంది. ఐఎంపీఎస్ అయితే మొదట్లోనే ఫెయిల్ అంటోంది. బెనిఫిషియరీని తీసేసి మళ్ళీ యాడ్ చేశాను, ఫోన్ మార్చి చూశాను, మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనూ చూశాను. మా బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట వినిపించి పెట్టేశారు. పొద్దున్న బీచ్ రోడ్డు వాకింగ్‌లో అందరూ రసీదేదీ అని అడుగుతారు. ఒక మంచి పని చేద్దామంటే ఇన్ని తంటాలా? ఎవరైనా ఇలా పంపి ఉంటే దారి చెప్పండి ప్లీజ్.

ఒక్కముక్క
ఆ ఖాతా ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఏమని ఉంది?

పన్ను లెక్కలు
మేడమ్, డబ్బు వెళ్ళడం తర్వాత సంగతి. ఎవరి పేరు మీద పంపుతున్నారు? ఇది ముందే తేల్చుకోవాలి. అందరి డబ్బూ మీ ఖాతాలో వేసుకుని మీరు పంపితే రసీదు మీ పేరుతోనే వస్తుంది. మిగతావాళ్ళు 80జి (విరాళాలకి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు) కింద ఒక్క రూపాయి కూడా చూపించుకోలేరు. అసోసియేషన్ ఖాతా నుంచి పంపినా అంతే, రసీదు అసోసియేషన్‌కే. ఎవరికి వాళ్ళు తమ పాన్‌తో పంపుకుంటేనే ఉపయోగం. ఇంకోటి, రెండు వేలు దాటిన నగదు విరాళానికి 80జి రాదు. అసలు మీవాళ్ళలో ఎంతమంది పాత పన్ను విధానంలో ఉన్నారో కనుక్కోండి. కొత్త విధానంలోకి మారినవాళ్ళకి 80జి మినహాయింపే లేదు కాబట్టి రసీదు ఎవరి పేరున ఉన్నా ఒకటే. మా ద్వారకానగర్ ఆఫీసుకి ఏటా మార్చిలో ఇలాంటి రసీదులు పట్టుకుని బోలెడుమంది వస్తారు, సగం పనికిరానివే.

బాల్కనీ తులసి
పన్ను గురించి ఎవరూ అడగలేదండీ. డబ్బు వెళ్ళాలి, అంతే.

కంచరపాలెం కుర్రోడు
నాకొకటి అర్థం కాదు. దేశం కోసం దెబ్బ తిన్నవాడికి ప్రభుత్వం చూసుకోవాలి గానీ అపార్ట్‌మెంట్‌ల వాళ్ళు చందాలు వెయ్యడమేటండీ? మనం కట్టే పన్ను ఏటైపోతోంది?

నేవీ చీఫ్ (రిటైర్డ్)
తమ్ముడూ, ప్రభుత్వం ఏమీ ఇవ్వదని నీకెవరు చెప్పారు? యుద్ధంలో గాయపడి, నూరు శాతం వైకల్యంతో సర్వీసు నుంచి పంపేస్తే వార్ ఇంజ్యురీ ఎలిమెంట్ (యుద్ధ గాయానికి ఇచ్చే పెన్షన్ భాగం) కింద చివరి జీతం ఎంతో అంత వస్తుంది. అది కాక సర్వీసు పెన్షన్ వేరే. అయితే అదే నూరు శాతం వైకల్యం డ్యూటీలో ఏ బండి బోల్తాపడో వస్తే, డిజేబిలిటీ ఎలిమెంట్ జీతంలో 30 శాతమే. మొదటిది బ్యాటిల్ క్యాజువాల్టీ, రెండోది ఫిజికల్ క్యాజువాల్టీ. కాలు పోయింది ఇద్దరికీ. కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకటి కాదు. సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో నడిచే కేసుల్లో ఈ తేడా మీద వేసినవి చాలానే ఉంటాయి.

తులసమ్మా, ఇంతకీ మీరు ఏ ఫండ్‌కి పంపుతున్నారు? ‘ఆర్మీ ఫండ్’ అనే పేరుతో ఏదీ లేదు. ప్రధాని కార్యాలయం చూసే నేషనల్ డిఫెన్స్ ఫండ్ ఉంది, అది 1962లో పెట్టింది. ఫ్లాగ్ డే ఫండ్ ఉంది, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది. బ్యాటిల్ క్యాజువాల్టీస్ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి ఎవరి సంక్షేమ నిధి వాళ్ళకి ఉంది. అందులో ఏది?

పన్ను లెక్కలు
నేషనల్ డిఫెన్స్ ఫండ్‌కి నూరు శాతం మినహాయింపు, పాత విధానంలో. చెప్పాలనిపించి చెప్పాను.

బాల్కనీ తులసి
అంకుల్, గాయపడిన సైనికుల ఫండే. బ్యాటిల్ క్యాజువాల్టీ అనే ఉంది. ఐఎఫ్‌ఎస్‌సీ ఎస్‌వైఎన్‌బీతో మొదలవుతోంది. పేరు, నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను, టైపింగ్‌లో తప్పేం లేదు.

ఒక్కముక్క
సిండికేట్ బ్యాంకు కోడ్ అది. బ్యాంకే లేదు.

బాల్కనీ తులసి
లేదంటే ఏమిటండీ?

పెందుర్తి మాస్టారు
2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయిందమ్మా. ఎస్‌వైఎన్‌బీ కోడ్‌లు 2021 జులై నుంచి పనిచెయ్యవు. మన ఆంధ్రా బ్యాంకు కూడా ఆ రోజే యూనియన్ బ్యాంకులో కలిసింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు, పేరు కూడా మిగల్లేదు. విలీనం వద్దని అప్పట్లో ఎంతమంది మొత్తుకున్నారో! ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

ఒక్కముక్క
ఖాతా నంబరు ఎక్కడిది?

బాల్కనీ తులసి
అది మెసేజ్‌లోనే ఉంది కదా. మా మావయ్యగారు పంపారు. రోజుకి ఒక్క రూపాయి ఇస్తే చాలు, ఏడాదికి ఇన్ని వేల కోట్లు అవుతుంది, అక్షయ్ కుమార్ చెప్పారు, క్యాబినెట్ ఒప్పుకుంది అని ఉంటుంది, మీ అందరికీ వచ్చే ఉంటుంది. కింద బ్యాంకు వివరాలు ఇచ్చారు.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
హమ్మయ్య, ఇప్పుడు దొరికింది. ఈ ముక్క మొదటి పోస్టులోనే రాసుంటే ఇంతదూరం వచ్చేది కాదు. ఆ మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఎక్కడ కాల్పులు జరిగినా మళ్ళీ లేస్తుంది. పహల్గాం దాడి తర్వాత కూడా ఊరంతా తిరిగింది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వమే ప్రకటన ఇచ్చింది: ఆ మెసేజ్ తప్పుదోవ పట్టించేది, క్యాబినెట్ పేరు తప్పుగా వాడారు, ఖాతా వివరాలు సరైనవి కావు, అందుకే జనం పంపిన డబ్బు తిరిగి వస్తోంది అని. మీకు జరుగుతున్నది అచ్చంగా అదే. ఆయుధాలు కొనడానికి చందా అని కూడా అందులో ఉంటుంది చూడండి, అదీ అబద్ధమే.

ఫండ్ మాత్రం నిజమే. 2016 ఫిబ్రవరిలో సియాచెన్‌లో మంచు పెళ్ళలు విరిగిపడి పదిమంది కూరుకుపోయారు గుర్తుందా? వాళ్ళలో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. అప్పుడు దేశం నలుమూలల నుంచీ జనం ఎక్కడికి పంపాలని అడిగారు. ఆ స్పందన చూశాకే ఈ ఫండ్ వచ్చింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకీ, ఆపరేషన్లలో తీవ్రంగా గాయపడినవాళ్ళకీ అందులోంచి ఇస్తారు. మూడు దళాలకీ వర్తిస్తుంది. 2022 అక్టోబరులో రాజ్‌నాథ్ సింగ్ ‘మా భారతీ కే సపూత్’ అని దానికో వెబ్‌సైట్ ప్రారంభించారు. అక్కడ పంపండి. ఖాతా నంబరు వాట్సాప్‌లోంచి ఎత్తకండి, నన్ను కూడా ఇక్కడ రాయమనకండి. వెబ్‌సైట్ చిరునామా చివర gov.in అని ఉందా లేదా చూసుకుని, అందులోంచే తీసుకోండి.

కంచరపాలెం కుర్రోడు
డబ్బు తిరిగి రావడం మీ అదృష్టం అక్కా. వేరేవాడి ఖాతా నంబరు పెట్టి ఉంటే ఈపాటికి గోవిందా.

బాల్కనీ తులసి
మావయ్యగారు రిటైర్డ్ హెడ్‌మాస్టర్ అండీ, ఆయన ఊరికే పంపరు.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
ఆయన్ని ఎవరూ ఏమీ అనట్లేదమ్మా.

నన్నడిగితే మాత్రం ఫ్లాగ్ డే ఫండ్ అంటాను. డిసెంబరు 7, 1949 నుంచి జరుగుతోంది. మన ఊళ్ళో నేవీ డే అంటే ఆర్కే బీచ్‌లో ఇసకేస్తే రాలనంత జనం వచ్చేవారు. దానికి మూడు రోజుల తర్వాత వచ్చే ఫ్లాగ్ డే ఎంతమందికి గుర్తుంటుంది? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం చారలతో చిన్న జెండా ఇస్తారు, చొక్కాకి పెట్టుకుంటాం. ఆ డబ్బు మాజీ సైనికులకీ, వితంతువులకీ, పిల్లల చదువులకీ వెళ్తుంది. పుణె దగ్గర ఖడ్కీలో, మొహాలీలో వెన్నెముక దెబ్బతిన్న జవాన్లు ఉండే కేంద్రాలున్నాయి, వాటికీ సైనిక్ బోర్డు గ్రాంటు ఇస్తుంది. టీవీలో కనిపించిన వారం రోజులు అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత ముప్పై నలభై ఏళ్ళు చక్రాల కుర్చీలో బతకాల్సింది వాళ్ళే. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు. పద్మశ్రీ ఎప్పుడిచ్చారు? 2018లో.

ఆన్‌లైన్ మీద నమ్మకం లేకపోతే మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి చెక్కు ఇవ్వండి.

పెందుర్తి మాస్టారు
నేవీ డే అనగానే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది. 1971 డిసెంబరులో మన విశాఖ హార్బర్ బయట మునిగింది. అది దానంతటదే లోపల పేలి మునిగిందని కొందరంటారు, మీరేమంటారు చీఫ్‌గారూ?

నేవీ చీఫ్ (రిటైర్డ్)
మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీళ్ళలో పేలే బాంబులు) వేసింది మాస్టారూ. పాకిస్తాన్ వాళ్ళు చెప్పుకునే కథ మనం ఎందుకు మొయ్యాలి?

పెందుర్తి మాస్టారు
మొయ్యడం కాదండీ, అడుగున దొరికిన శకలాలని బట్టి కూడా...

గ్రూపు అడ్మిన్
ఘాజీకి వేరే పోస్టు పెట్టుకోండి. ఇది తులసిగారి సందేహం.

బాల్కనీ తులసి
సరే, ఆ వెబ్‌సైట్‌లో పంపుతాం. చివరిగా ఒక్కటి. ఫలానా వ్యక్తికి చేరాలి అని పేరు రాయడానికి అందులో చోటుంటుందా? అసలు ఈ చందా మొదలైందే మా వాచ్‌మన్ తమ్ముడి వల్ల. శ్రీకాకుళం దగ్గర ఊరు. ఛత్తీస్‌గఢ్‌లో డ్యూటీలో ఉండగా మందుపాతర పేలి ఒక కాలు తీసేశారు. ఇరవై ఆరేళ్ళు. ఆ అబ్బాయికి అందితే మాకు తృప్తి.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
ఛత్తీస్‌గఢ్ అంటున్నారు. ఆర్మీయేనా?

బాల్కనీ తులసి
సీఆర్‌పీఎఫ్. అదీ సైన్యమే కదండీ?

ఒక్కముక్క
కాదు.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
అమ్మా, ఇది కదా మొదట చెప్పాల్సింది! సీఆర్‌పీఎఫ్ హోం శాఖ కింద ఉండే బలగం. నేను ఇప్పటిదాకా చెప్పినవాటిలో బ్యాటిల్ క్యాజువాల్టీ ఫండ్ గానీ ఫ్లాగ్ డే ఫండ్ గానీ ఆ అబ్బాయికి వర్తించవు. సైన్యం అంటే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, అంతే.

కంచరపాలెం కుర్రోడు
ఇదిగో, ఇదే నాకు మండేది. మందుపాతర పేలేటప్పుడు నువ్వు రక్షణ శాఖా హోం శాఖా అని అడిగి పేలుతుందా? యూనిఫాం వేసుకున్నవాడు ఎవడైనా సైనికుడే.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
మందుపాతర అడగదు నాయనా, ఫండ్ అడుగుతుంది. వాళ్ళని తక్కువ చెయ్యడం లేదు నేను. అడవుల్లో వాళ్ళు పడే పాట్లు సముద్రం మీద మేం పడలేదు. డబ్బు ఏ దారిన వెళ్తుందో చెబుతున్నాను.

కంచరపాలెం కుర్రోడు
అయితే వాళ్ళకేటీ లేదా?

పెందుర్తి మాస్టారు
‘భారత్ కే వీర్’ ఉంది కదా. 2017లో హోం శాఖ పెట్టింది. అక్షయ్ కుమార్ పేరు నిజంగా ఉన్నది అందులో. బహుశా ఆ వాట్సాప్ మెసేజ్‌కి జనం నమ్మకం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అందులో ఒక్కో కుటుంబం పేరు మీద నేరుగా ఇవ్వచ్చు, పదిహేను లక్షల దాకా పరిమితి. కానీ ఆ పేర్లు ప్రాణాలు పోయినవాళ్ళవి. ఈ అబ్బాయి దేవుడి దయవల్ల బతికే ఉన్నాడు.

పన్ను లెక్కలు
పన్ను గురించి ఎవరూ అడగలేదన్నారు గానీ ఇక్కడే అవసరం పడింది. నేరుగా ఆ అబ్బాయి ఖాతాలో వేద్దామని ఇప్పుడు ఎలాగూ అనుకుంటారు. అలా ఇస్తే మీకు 80జి ఎలాగూ లేదు. దానికంటే ముఖ్యం, బంధువులు కానివాళ్ళ దగ్గర నుంచి ఏడాదిలో వచ్చిన డబ్బు మొత్తం కలిపి యాభై వేలు దాటితే, పైన ఉన్న పన్నెండు వేలే కాదు, మొత్తం అరవై రెండూ ఆయన ఆదాయంలో కలుస్తుంది. పల్లెలో వాళ్ళూ వీళ్ళూ ఇంకా ఏమైనా ఇచ్చి ఉంటే అదీ ఇందులోకే. పన్ను పడుతుందా లేదా అన్నది ఆయన జీతాన్ని బట్టి ఉంటుంది, కానీ చూపించాల్సింది చూపించాలి.

ఇంకో చిక్కు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. బహుమతులు తీసుకోవడానికి ప్రవర్తనా నియమావళి ఉంది, పరిమితి దాటితే శాఖ అనుమతి కావాలి. మీరు ప్రేమతో వేసిన డబ్బుకి ఆయన సంజాయిషీ రాసుకునే పరిస్థితి రాకూడదు. వాచ్‌మన్‌తో చెప్పి ముందు ఆ అబ్బాయినే అడగమనండి. బెటాలియన్ ఆఫీసుకి ఒక ఉత్తరం రాసి, వాళ్ళు ఎలా ఇవ్వమంటే అలా ఇవ్వండి.

కంచరపాలెం కుర్రోడు
కాలు పోయినోడికి డబ్బులివ్వడానికి పర్మిషనా! బావుంది వరస.

పన్ను లెక్కలు
నియమం నేను రాయలేదు బాబూ.

నేవీ చీఫ్ (రిటైర్డ్)
ఆయన చెప్పింది కరెక్టే. పైగా డబ్బు ఒక్కటే కాదు. కృత్రిమ కాలు ఎక్కడ వేయిస్తున్నారు, మళ్ళీ ఉద్యోగంలో ఏ పని ఇస్తారు, మెడికల్ బోర్డు ఎప్పుడు, ఇవి కనుక్కోండి. శ్రీకాకుళం నుంచి ఇక్కడికి ఆసుపత్రికి వచ్చిపోయేటప్పుడు వాళ్ళమ్మగారికి నాలుగు రోజులు ఉండటానికి చోటు కావాలేమో. అలాంటి సాయం గురించి కూడా ముందు ఆ అబ్బాయినే అడగమనండి.

బాల్కనీ తులసి
మా మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ ఖాళీగానే ఉంది, ఓనర్ అమెరికాలో. అడగాలి. డబ్బు సంగతి మీటింగ్‌లో పెడతాం. కొందరు ఆర్మీకే వెళ్ళాలంటారు, కొందరు ఆ అబ్బాయికే అంటారు, ఆ గొడవ వేరే ఉంది. సరేనండీ, థ్యాంక్స్ అందరికీ. నిద్రొస్తోంది.

పెందుర్తి మాస్టారు
మీటింగ్‌లో ఏమనుకున్నారో ఇక్కడ రాయమ్మా.

ఎంవీపీ డబుల్ రోడ్డు
ఆలస్యంగా చూశాను. రోజుకి ఒక్క రూపాయి మెసేజ్ నాకూ ఇప్పుడే వచ్చింది. మంచి విషయం కదా, మా కాలనీ గ్రూపులో పెట్టనా?

ఒక్కముక్క
పైన చదవండి.