డివోషన్‌లో దెయ్యాలు తీసేస్తే ఇంకా భయం వేసేదా?

అటకమీదపిల్లి:
డివోషన్ అనే హారర్ వీడియో గేమ్ రెండోసారి పూర్తి చేశాను. కథంతా చెప్పేస్తున్నాను, ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

తైవాన్‌కి చెందిన రెడ్ క్యాండిల్ గేమ్స్ 2019లో తెచ్చిన ఆట ఇది. 1980ల నాటి తైపేలో ఒక ఫ్లాట్. ఫెంగ్‌యూ సినిమా రచయిత, ఇప్పుడు అతని కథలు ఎవరూ తీసుకోవడం లేదు. భార్య లీఫాంగ్ ఒకప్పటి తార. కూతురు మేషిన్ టీవీ పాటల పోటీలో పాడుతుంది. ఉన్నట్టుండి పాపకి ఊపిరి అందని జబ్బు. ఒంట్లో ఏ లోపమూ లేదు, మానసిక వైద్యుడికి చూపించమంటారు. తండ్రికి తల కొట్టేసినట్టవుతుంది, నా బిడ్డకి పిచ్చేంటని ఒక గురువమ్మని పట్టుకుంటాడు. ఆవిడ మాట విని పాపని పాము సారా నింపిన తొట్టెలో ఉంచి, ఏడు రోజులు బాత్‌రూమ్ తలుపు వేసేస్తాడు. కోపంతో కాదు, ప్రేమతో!

ఇంతకన్నా భయం ఏం కావాలి? ఆ తర్వాత తండ్రి చూసే నరకం, నెత్తురు, నాలుక కోసుకోవడం... పులుసు దింపాక మళ్లీ గరిటెడు కారం పోసినట్టుంది.

చీకటిగది:
ఒప్పుకోనండీ. మనం చూస్తున్నది అతని కళ్లతో. అతని లెక్కలో అది నరకం కాదు, మొక్కు తీర్చుకోవడం. కూతురి కోసం కన్నిస్తా, నాలుకిస్తా అనుకుంటూ పాకుతుంటే మనమే కీబోర్డు నొక్కి పాకిస్తాం. ఆ భాగం తీసేస్తే అతన్ని దుర్మార్గుడని తిట్టేసి సుఖంగా పడుకుంటాం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సేవ్‌పాయింట్:
భయం సంగతి సరే, ఆట ఎక్కడుంది బ్రదర్? మూడు గంటల్లో అయిపోయింది. సొరుగు తెరువు, ఉత్తరం చదువు, వస్తువు తీసుకుని ఇంకో గదికి నడువు. 1980, 1985, 1986 అని ఒకే ఫ్లాట్ మూడు సంవత్సరాల్లో తిరగడం మాత్రం అద్భుతం. అదే సోఫా, అదే గోడ, ఏడాది మారేసరికి ఇల్లు నీరసించిపోతుంది. మాటలు లేకుండా ఆ సంసారం ఎలా చెడిందో తెలిసిపోతుంది. కానీ ఆ దెయ్యం వెంటాడే సీన్! మొదటిసారి దొరికిపోతే గుండె ఝల్లుమంది, మూడోసారికి ఆవలింత వచ్చింది. వీళ్లదే 2017 నాటి డిటెన్షన్‌లో దెయ్యం పక్కనుంచి ఊపిరి బిగబట్టి దాటాలి. అది ఆటంటే.

వేపచెట్టు:
నాకు హారర్ ఆటలు పడవు, మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. మా పిన్ని కూతురికి ఇంటర్ పరీక్షల ముందు ఇలాగే ఊపిరి ఆడేది కాదు. తాయెత్తు కట్టారు, నిమ్మకాయలు తిప్పి పారేశారు, గాలి సోకిందని ఒకాయన వేపమండలతో కొట్టాడు కూడా. నాలుగు నెలల తర్వాత ఒక డాక్టరమ్మ అది టెన్షన్ వల్లేనని చెప్పి మందులిచ్చింది. కాబట్టి ఆ తండ్రి నాకు కొత్తవాడు కాదు.

నా ఫిర్యాదు వేరే. ఆ గురువమ్మ చూడగానే మోసగత్తె అని తెలిసిపోతుంది. మా ఊరికి వచ్చినాయన అలా లేడు. మంచినీళ్లు అడిగి తాగాడు, పిల్ల చదువు గురించి ఆప్యాయంగా మాట్లాడాడు. చదువుకున్న మా బాబాయి కూడా అందుకే నమ్మాడు. ఆ నమ్మకం ఎలా పుడుతుందో ఆట చూపించలేదు.

సేవ్‌పాయింట్:
అక్కా, ఇది నాకు తట్టలేదు. ఇంకోటి, ఈ ఆటకి సగం పేరు గొడవ వల్లే వచ్చిందని నా అనుమానం. ఆటలోని ఒక తాయెత్తు బొమ్మలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌ని విన్నీ ద పూ (కార్టూన్ ఎలుగుబంటి) అని వెక్కిరించే ముద్ర బయటపడింది. చైనా ఆటగాళ్లు మండిపడ్డారు, విడుదలైన వారంలోపే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నుంచి తీసేశారు. 2020 డిసెంబరులో జీఓజీ అనే ఇంకో దుకాణం అమ్ముతామని ప్రకటించి అదే రోజు వెనక్కి తగ్గింది. చివరికి 2021లో తయారీదారులే సొంత సైట్‌లో పెట్టుకున్నారు. దొరకని సరుకుకి గిరాకీ ఎక్కువ కదా.

అటకమీదపిల్లి:
గొడవ గురించి ఏమీ తెలియకుండానే నేను మొదటిసారి ఆడాను, కాబట్టి ఆ మాట నాకు వర్తించదు. @చీకటిగది గారు, మనమే పాకిస్తామన్న మాట దగ్గర నేను తగ్గుతున్నాను. నరకం ఉండనివ్వండి. @వేపచెట్టు గారు, మీ చెల్లెలు ఇప్పుడెలా ఉంది?

వేపచెట్టు:
బాగుందండీ, డిగ్రీ రెండో ఏడు. ఈ ఆట మాత్రం దానికి చూపించలేదు.