కొత్త ఎస్ఎస్‌హెచ్ కీ ఇస్తే మా డేటాబేస్ టూల్ తీసుకోవట్లేదు, టెర్మినల్‌లో మాత్రం పనిచేస్తోంది

ప్రశ్న:
జావాలో ఒక డేటాబేస్ అడ్మిన్ టూల్ రాస్తున్నాను. ఎస్ఎస్‌హెచ్ టన్నెల్‌కి (డేటాబేస్ సర్వర్ దాకా వెళ్లే ఎన్‌క్రిప్టెడ్ దారి) ఇప్పటిదాకా పాస్‌వర్డ్ ఒక్కటే ఉంది, ఇప్పుడు కీ ఫైల్‌తో లాగిన్ పెడుతున్నాను. ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్‌కి వాడుతున్న లైబ్రరీ జేస్చ్ (JSch) 0.1.55. పాత కీతో వెంటనే కనెక్ట్ అవుతోంది, ఈమధ్య ఎస్ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌తో చేసిన కీ ఇస్తే మాత్రం 'ఇన్‌వాలిడ్ ప్రైవేట్‌కీ' అని ఆగిపోతోంది. ఇంకోటి, యూజర్ ఇచ్చిన కీని కనెక్షన్ ప్రొఫైల్‌లోనే దాచేయొచ్చా?

జవాబు 1:
రెండు కీ ఫైళ్లూ తెరిచి మొదటి లైన్ చూడండి. పాతదాంట్లో 'బిగిన్ ఆర్ఎస్ఏ ప్రైవేట్ కీ' అని ఉంటుంది, కొత్తదాంట్లో 'బిగిన్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ' అని. 2018లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 7.8 నుంచి ఈ రెండోదే డిఫాల్ట్ అయింది, మీ లైబ్రరీ వెర్షన్‌కి దాన్ని చదవడం రాదు. కీని పెమ్ అనే పాత ఫార్మాట్‌లోకి మార్చుకోమని యూజర్లకి చెప్పకండి, అలా మార్చే కమాండ్ అసలు ఫైల్‌నే తిరగరాస్తుంది, పైగా ఈడీ25519 అనే కొత్త రకం కీలకి ఆ దారే లేదు. జేస్చ్‌కి ఇప్పుడు నడుస్తున్న ఫోర్క్ (అదే కోడ్‌ని వేరేవాళ్లు కొనసాగిస్తున్న వెర్షన్) ఉంది, ప్యాకేజీ పేర్లు అవే కాబట్టి కోడ్ పెద్దగా మార్చక్కర్లేదు. అది ఆర్ఎస్ఏ కీతో షా-2 సంతకం కూడా చేస్తుంది. ఆ సంతకం లేకపోతే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.8, ఆపై వెర్షన్లున్న సర్వర్ల దగ్గర మీ పాత కీ కూడా ఆగిపోతుంది.

జవాబు 2:
కీని ప్రొఫైల్‌లో దాచకండి, దయచేసి. ఆ ప్రొఫైల్‌ని ఎవరో ఎక్స్‌పోర్ట్ చేసి టీమ్‌లో పంచుతారు, దాంతోపాటే ప్రైవేట్ కీ కూడా వెళ్లిపోతుంది. ఫైల్ ఎక్కడుందో ఆ పాత్ మాత్రం ఉంచుకోండి, పాస్‌ఫ్రేజ్ గుర్తుంచుకోవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కీచైన్‌కి అప్పగించండి, వీలైతే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ (కీని తన దగ్గరే ఉంచుకుని లాగిన్‌కి సంతకం చేసే ప్రోగ్రామ్) సపోర్ట్ ఇవ్వండి, అప్పుడు కీని మీ టూల్ ముట్టుకోనే ముట్టుకోదు. అలాగే, ఉదాహరణ కోడ్‌లలో కనిపించే, సర్వర్ అసలుదేనా అన్న తనిఖీని ఆపేసే 'స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్ = నో' లైన్‌ని రిలీజ్‌లోకి వెళ్లనివ్వకండి. మొదటిసారి సర్వర్ కీ ఫింగర్‌ప్రింట్ చూపించి యూజర్‌ని అడగండి, తర్వాత అది మారితే కనెక్షన్ ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఫోర్క్ పెట్టగానే కొత్త కీ పనిచేసిందండి, థ్యాంక్స్. కానీ టన్నెల్ తెరుచుకున్నాక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డ్రైవర్ 'వెరిఫై-ఫుల్' మోడ్‌లో (సర్టిఫికెట్‌తోపాటు సర్వర్ పేరునీ సరిచూసే మోడ్) సర్టిఫికెట్ పేరు కలవట్లేదంటోంది.

జవాబు 1:
కలవదు మరి, డ్రైవర్ వెళ్తున్నది 127.0.0.1కి (టన్నెల్ మొదలయ్యే మీ సొంత మెషీన్‌కి), సర్టిఫికెట్‌లో ఉన్నది అసలు సర్వర్ పేరు. ఎస్ఎస్ఎల్ మొత్తం తీసేయకండి. 'వెరిఫై-సీఏ' పెట్టండి (పేరు పోల్చదు, సర్టిఫికెట్ ఎవరిచ్చారో మాత్రం చూస్తుంది), లేదా అసలు పేరుతో పోల్చే హోస్ట్‌నేమ్ వెరిఫైయర్ రాసి డ్రైవర్‌కి ఇవ్వండి, నేనైతే రెండోదే చేస్తాను. టన్నెల్‌కి లోకల్ పోర్ట్ 0 ఇస్తే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని సిస్టమే ఎంచి ఇస్తుంది, రెండు కనెక్షన్లు ఒకే పోర్ట్ కోసం కొట్టుకోవు.