64 మందికి ఒక కౌంటీ అవసరమా? (టెక్సస్, లవింగ్ కౌంటీ)

డల్లాస్_శీను:
మొన్న లాంగ్ వీకెండ్‌కి కార్ల్స్‌బాడ్ గుహలు చూద్దామని డల్లాస్ నుంచి బయల్దేరాం. ఒడెస్సా, కెర్మిట్ దాటాక 302 హైవే మీద ‘లవింగ్ కౌంటీ’ అని బోర్డు వచ్చింది, కౌంటీ అంటే ఇక్కడ మన జిల్లా లాంటిది. పేరు బావుందని మా ఆవిడ ఫొటో తీయమంది, తీశాను. తీరా రాత్రి రూమ్‌లో కూర్చుని చదివితే 2020 జనగణన ప్రకారం అక్కడ ఉన్నది 64 మంది! అమెరికా మొత్తంలో ఇంతకన్నా తక్కువ జనం ఉన్న కౌంటీ లేదు. విస్తీర్ణం మాత్రం దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు, మన హైదరాబాద్ జిల్లా లాంటివి ఎనిమిది పడతాయి. ఈ 64 మందికీ పాలన చూసే ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, పోలీసు పని చూసే షెరిఫ్, రికార్డులు చూసే క్లర్కు, కౌంటీ కేంద్రం మెంటోన్‌లో కోర్టు భవనం. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాక్‌లో ఇంతకన్నా ఎక్కువ మంది ఉంటాం, మాకు అసోసియేషన్ ప్రెసిడెంట్ కూడా సరిగ్గా దొరకడు. పక్కనున్న రీవ్స్ కౌంటీలో కలిపేస్తే ఎవరికి నష్టం చెప్పండి.

బావిదగ్గర_బాబ్జీ:
శీనూ, నువ్వు ఆదివారం వెళ్లి ఉంటావు. నేను మిడ్‌లాండ్‌లో ఆయిల్ కంపెనీలో పనిచేస్తాను, నెలకు నాలుగైదు సార్లు మెంటోన్ వైపు వెళ్తాను. మామూలుగా గంటన్నర దారి. బావులకు ఇసుక మోసే ట్రక్కుల మధ్య ఇరుక్కుంటే రెండున్నర గంటలు. తెల్లారకముందు ఐదింటికి వెళ్లి చూడు, గ్యాస్ స్టేషన్ ముందు పికప్ ట్రక్కులు వరసకట్టి ఉంటాయి, లోపల బరీటో కోసం నిలబడిన పాతికమందిలో ఆ ఊరివాడు ఒక్కడూ ఉండడు. రాత్రయితే చుట్టూ గ్యాస్ మంటలే, ఆకాశం నారింజ రంగులో ఉంటుంది. పర్మియన్ బేసిన్ అనే పెద్ద ఆయిల్ ప్రాంతంలో ఇప్పుడు జోరుగా తవ్వుతున్న డెలావేర్ భాగం అదే. జనగణనలో మనిషిని అతను మామూలుగా నివాసముండే చోట లెక్కపెడతారు, అందుకని ఈ వర్కర్లంతా మిడ్‌లాండ్‌లోనో ఒక్లహోమాలోనో లెక్కకు వస్తారు. కానీ యాక్సిడెంట్ అయితే వచ్చేది లవింగ్ కౌంటీ షెరిఫే. రోడ్డు గుంతలు పూడ్చాల్సిందీ ఆ కౌంటీయే.

లెక్కల_మాస్టారు:
ముందు పేరు సంగతి. అది ప్రేమకు సంబంధించింది కాదు నాయనా. ఆలివర్ లవింగ్ అని పశువుల మందలు తోలిన మనిషి, 1867లో పెకోస్ నది దగ్గర కొమాంచీల దాడిలో గాయపడి ఫోర్ట్ సమ్నర్‌లో చనిపోయాడు. ఆయన పార్ట్‌నర్ చార్లెస్ గుడ్‌నైట్ శవాన్ని అంత దూరమూ బండి మీద టెక్సస్‌లోని వెదర్‌ఫోర్డ్‌కి తీసుకెళ్లి పాతిపెట్టాడు.

ఇక శీను అడుగుతున్న విలీనం ఒకసారి జరిగిపోయింది. 1887లో కాగితం మీద ఈ కౌంటీ పుట్టింది. 1893లో, పెకోస్ నీళ్లతో కాలువ తవ్వి సేద్యం చేయిస్తామన్న కంపెనీ వాళ్ల చొరవతో పాలన మొదలైంది, ఆ ఎన్నికల మీద అప్పట్లోనే అనుమానాలున్నాయి. 1897లో శాసనసభ దాన్ని రద్దు చేసి రీవ్స్‌కే తగిలించింది. తర్వాత 1931లో మళ్లీ విడిగా నిలబడింది. టెక్సస్‌లో 254 కౌంటీలుంటే రెండుసార్లు ఏర్పడింది ఇదొక్కటే. మధ్యలో ఏం మారింది? 1920లలో ఆయిల్ పడింది, అంతే. జనాభా చూడండి: 1890లో 3, 1910లో 249, 1920లో 82, 1940లో 285, 2000లో 67. మొదట నీళ్లని ఆశపడి వచ్చారు, తర్వాత నూనె కోసం వచ్చారు, నిలిచినవాళ్లు మాత్రం పిడికెడే. ఆ పెకోస్ నీళ్లూ ఉప్పన. చాలా ఏళ్లపాటు మెంటోన్‌కి తాగే నీళ్లు బయటి నుంచి ట్యాంకర్‌లో తెచ్చుకున్నారు.

డల్లాస్_శీను:
అంటే మాస్టారూ, మీరు నా వైపే మాట్లాడుతున్నారు! 34 ఏళ్లు రీవ్స్ కింద నడిచినప్పుడు ఇప్పుడెందుకు నడవదు? ఇంకోటి, 2020లో 64 మంది జనం ఉంటే అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో పడిన ఓట్లు 66. పిల్లలు కూడా ఓటేశారా?

లెక్కల_మాస్టారు:
నేనెవరి వైపూ కాదు. ఆ 64ని పట్టుకుని ఊగిపోకు. 2020 జనగణనలో వ్యక్తుల వివరాలు బయటపడకుండా లెక్కల్లో కావాలనే చిన్న చిన్న మార్పులు కలిపారు. రాష్ట్రం మొత్తం జనాభాను ముట్టుకోలేదు గానీ కౌంటీ అంకెలకు ఆ హామీ లేదు. ముప్పై లక్షల కౌంటీలో ఒకటి రెండు తేడా అయితే ఎవడికీ పట్టదు, ఇక్కడ అదే పెద్ద విషయం. పైగా లెక్క ఏప్రిల్ 1 నాటిది, ఓటు నవంబర్‌ది.

అట్లాంటా_సుజాత:
మాస్టారు గారూ, మీరు మరీ మెత్తగా చెబుతున్నారు. అసలు కారణం టెక్సస్ చట్టంలో నివాసం అంటే ‘తిరిగి రావాలనే ఉద్దేశం ఉన్న ఇల్లు’ కావడం. మనిషి వేరే ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటూ, మా పశువులు ఇక్కడే, మా తాత ఇల్లు ఇక్కడే అంటే ఓటు ఇక్కడే ఉంటుంది. ఉద్దేశాన్ని ఎవరు కొలుస్తారు? పది ఓట్లతో కమిషనర్ గెలిచే చోట నాలుగు కుటుంబాలు అనుకుంటే చాలు. అందుకే నేను శీను గారి వైపు.

విలీనాలు కొత్తేం కాదు. మేముండే, జార్జియాలో అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టానే తీసుకోండి, మనవాళ్లు ఇంతమంది ఇళ్లు కొన్నారు గానీ ఇది ఒకప్పుడు మిల్టన్ కౌంటీ ముఖ్యపట్టణమని ఎంతమందికి తెలుసు? 1932లో మిల్టన్‌నీ, దక్షిణాన క్యాంప్‌బెల్‌నీ అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో కలిపేశారు. కొంపలేం మునగలేదు.

బావిదగ్గర_బాబ్జీ:
సుజాత గారూ, ఆ రెండు కౌంటీల దగ్గర డబ్బుల్లేక కలిశాయి, అది 1930ల ఆర్థిక మాంద్యం, డిప్రెషన్ కాలం. 1919లో టెనెసీలో జేమ్స్ కౌంటీ హామిల్టన్‌లో కలిసిందీ దివాళా తీసే. గతిలేనివాడు ఉమ్మడి కాపురానికి ఒప్పుకుంటాడు, లవింగ్‌కి ఆ అవసరమేంటి? టెక్సస్‌లో భూమి కింద ఆయిల్‌కి కూడా ఆస్తి పన్నే. మీ నార్త్ ఫుల్టన్ వాళ్లే కదా మా పన్నంతా అట్లాంటాకి పోతోంది, మా మిల్టన్ మాకివ్వండి అని ఏళ్లుగా అడిగింది?

ఇంకోటి చెప్తాను. మెంటోన్ కోర్టు భవనం 1935లో కట్టిన చిన్న ఇటుకల బిల్డింగ్. ధరలు బాగున్న రోజుల్లో ఆయిల్ కంపెనీల కోసం భూమి హక్కులు వెతికే ల్యాండ్‌మెన్ అక్కడ క్లర్కు ఆఫీసులో కుర్చీ కోసం పోటీపడేవాళ్లు, పాత దస్తావేజుల పుస్తకాలు తిప్పుతూ ఏ ముక్క కింద ఖనిజం ఎవరిదో తేల్చడానికి. యజమానులు కాలిఫోర్నియాలో ఉంటారు, వారసులు పాతికమంది. ఆ రికార్డుల పని మనుషుల సంఖ్యతో పెరగదు, బావులతో పెరుగుతుంది. 64 అంటూ మీరు లెక్కేస్తున్నది తప్పు వస్తువుని.

అట్లాంటా_సుజాత:
మిల్టన్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను, మా వీధిలోనే అలా అనేవాళ్లున్నారు. కానీ మీ వాదనే మీకు ఎదురు తిరుగుతోంది. పని బావులది, పన్ను బావులది, వర్కర్లు బయటివాళ్లు. మరి ఖర్చు ఎలా పెట్టాలో ఆ కొద్దిమందే ఎందుకు తేల్చాలి? అక్కడ స్కూల్ కూడా లేదు, పిల్లలు పక్క వింక్లర్ కౌంటీలోని వింక్‌కి వెళ్తారు. స్కూల్ విషయంలో ఎప్పుడో కలిసిపోయారు, వింక్-లవింగ్ స్కూల్ డిస్ట్రిక్ట్ అని పేరే అది.

లెక్కల_మాస్టారు:
ఇప్పుడు దారిలోకొచ్చారు. స్కూళ్లకయితే 1993 నుంచి టెక్సస్‌లో ‘రాబిన్ హుడ్’ పద్ధతి ఉంది, ఆస్తి విలువ మరీ ఎక్కువ ఉన్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత లాగేసి మిగతా స్కూళ్లకు సర్దుతుంది. కౌంటీ పన్నుకి అలాంటిది లేదు. సరిహద్దు చెరపక్కర్లేదు, ఆ పద్ధతే కొంత కౌంటీలకూ పెట్టొచ్చు. కలిపేస్తే డబ్బు రీవ్స్‌కి పోతుంది, వాళ్లకీ ఆయిల్ ఉంది, వాళ్లేం బీదవాళ్లు కాదు. ఈ విలీనంతో లాభపడేది ఎవరో శీను చెప్పాలి.

గోదారిగట్టు:
ఇంతకీ ఆ 64 మందిని ఎవరైనా అడిగారా? 1945లోనే ఆడమనిషిని షెరిఫ్‌ని చేసుకున్న ఊరు, టెక్సస్‌లో ఎన్నికైన మొదటి మహిళా షెరిఫ్ అక్కడే.

డల్లాస్_శీను:
రీవ్స్ బీదది కాదన్న పాయింట్ నాకు తట్టలేదు మాస్టారూ. రీవ్స్‌లో కలపమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఓట్ల విషయంలో సుజాత గారితోనే ఉన్నాను, పన్ను పంచినా పంచకపోయినా అక్కడ పడుకోనివాడు అక్కడ కమిషనర్‌ని ఎన్నుకోకూడదు. బాబ్జీ అన్నా, మరి వర్కర్లు సంవత్సరంలో సగం రోజులు అక్కడే పడుకుంటారు కదా, వాళ్లకి ఓటు ఇద్దామా?

బావిదగ్గర_బాబ్జీ:
వర్కర్లు ఉండే మ్యాన్ క్యాంప్‌లో రెండు వారాలు ఉండి రెండు వారాలు ఇంటికెళ్లే కుర్రాడికా? వాడికి మెంటోన్‌కి తిరిగి రావాలనే ఉద్దేశం అస్సలు ఉండదు తమ్ముడూ.