అమెరికా క్లయింటుతో సాయంత్రపు వీడియో కాల్స్: ఏకాగ్రత నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న: భీమవరం ఉద్యోగిని

అందరికీ నమస్కారం. నేను భీమవరంలో ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేస్తున్నాను. మా క్లయింటు న్యూయార్క్ సమయం ప్రకారం నడుచుకుంటారు కాబట్టి, వారి ఉదయం తొమ్మిది గంటల సమావేశం మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు మనకు సాయంత్రం 6.30కు, మిగిలిన నెలల్లో 7.30కు వస్తుంది. ఇంట్లో కుక్కర్ కూతలు, అత్తయ్యగారి సీరియల్, ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లల హడావుడి అన్నీ కలిసే వేళ అదే. పడకగది తలుపు వేసుకుని కూర్చుంటున్నాను.

నా పనిపై ఫిర్యాదులేమీ లేవు గానీ, ఈమధ్య మా మేనేజరుగారు "కాల్‌లో మీరు ఉన్నారో లేదో తెలియడం లేదని క్లయింటు అంటున్నారు" అని చెప్పారు. గంటసేపు సాగే కాల్‌లో నేను మాట్లాడవలసినది రెండు నిమిషాలే. మిగిలిన సమయమంతా దృష్టి చాట్ సందేశాల మీదికో, తెర మూలన కనిపించే నా ముఖం మీదికో పోతుంది. హఠాత్తుగా నా పేరు పిలిచినప్పుడు ప్రశ్న మళ్లీ అడగమనవలసి వస్తోంది. మంచి కెమెరా, రింగ్ లైటు కొనుక్కోమని కొందరు సలహా ఇస్తున్నారు. వాటితో ఈ సమస్య తీరుతుందా?

జవాబు 1: కూకట్‌పల్లి లీడ్

కెమెరాకు ముందు మైకు సంగతి చూడండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మాట తెగిపోతే మాత్రం అవతలివారు రెండు నిమిషాల్లో విసిగిపోతారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో పాటలు ఎంత బాగా వినిపించినా, మైకు ఆన్ కాగానే చాలా సెట్లలో శబ్దం నాణ్యత పడిపోయి, మన గొంతు డబ్బాలోంచి వచ్చినట్లు వినిపిస్తుంది. నోటి దగ్గరికి మైకు వచ్చే వైరు హెడ్‌సెట్ ఒకటి తీసుకోండి. కుక్కర్ కూత కూడా చాలావరకు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, రౌటరే ఆగిపోతుంది. దానికి సరిపడే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతున్నాయి.

రింగ్ లైటు అవసరం లేదు. ఆ వేళకు చీకటి పడుతుంది కనుక ట్యూబ్‌లైటు మీ వీపు వెనుక కాకుండా ముఖానికి ఎదురుగా ఉండేలా బల్ల జరుపుకోండి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే అవతలివారికి మీ గడ్డమూ, పైన తిరిగే ఫ్యానూ కనిపిస్తాయి. నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెడితే కెమెరా కళ్ల ఎత్తుకు వస్తుంది. బొమ్మలో అడ్డచారలు కదులుతూ ఉంటే, కెమెరా సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ను 50కి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

జవాబు 2: డల్లాస్ తెలుగువాడు

నేను అవతలివైపు కూర్చునేవాణ్ని కాబట్టి అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. మన ఇళ్లలో కథ చెప్పేవారికి ఎదుట ఎవరో ఒకరు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే విన్నవాడు నిద్రపోయాడని అర్థం. వీడియో కాల్‌లో అందరూ మ్యూట్‌లో ఉండడం వల్ల ఆ ఊ ఎవరికీ వినిపించదు. క్లయింటు తెరను పంచుకున్నప్పుడు మన ముఖాలు తపాలా బిళ్లంత అయిపోతాయి కాబట్టి, తల ఊపినా కనిపించదు. అందుచేత మీరు ఎంత శ్రద్ధగా విన్నా, ఆ సంగతి వారికి తెలిసే మార్గం ఉండదు.

దానికి బదులు ఏదో ఒకటి మనమే కల్పించుకోవాలి. ఒక అంశం ముగిసిన చోట మ్యూట్ తీసి, "అయితే పాత రిపోర్టు ఈ నెలాఖరు వరకు ఉంచి, ఆ తరువాత తీసేస్తాం, అంతేనా?" అని ఒక్క వాక్యం అడిగితే చాలు. అలా అడగాలంటే వినక తప్పదు కాబట్టి దృష్టి కూడా నిలుస్తుంది. ఇంకా మంచి ఉపాయం ఏమిటంటే, సమావేశపు నిర్ణయాలు రాసే బాధ్యత మీరే అడిగి తీసుకోవడం. పని లేని చెవి గంటసేపు నిలబడదు, నాకైతే పావుగంట కూడా నిలబడదు.

మరొకటి. మనం "ఓకే, ఓకే" అంటే "వింటున్నాను" అని మన ఉద్దేశం. ఇక్కడివారు దాన్ని "ఒప్పుకున్నారు" అని రాసుకుంటారు. గడువు గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ మాట అసలు వాడకండి. "అర్థమైంది, తేదీ రేపు చెప్తాను" అనండి. ప్రశ్న వచ్చినప్పుడు ముందు అవునో కాదో చెప్పి, వివరణ తరువాత ఇవ్వండి. నెట్ ఆలస్యం వల్ల మామూలు విరామం కూడా వారికి తడబాటులా వినిపిస్తుంది.

జవాబు 3: విశాఖ అనలిస్ట్

పైవారు చెప్పినదంతా సరే గానీ, కెమెరా గంటసేపూ ఆన్‌లోనే ఉంచాలని మాత్రం నేను అనుకోను. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాసిన వ్యాసంలో, వీడియో కాల్స్ అలసటకు ఆయన ఊహించిన నాలుగు కారణాల్లో ఒకటి నిరంతరం మన ముఖాన్ని మనమే చూసుకోవడం. అదే ఏడాది అక్కడి పరిశోధకులు పది వేలమందికి పైగా అడిగి చూస్తే, తీవ్రమైన అలసట ఉందన్నవారు స్త్రీలలో 13.8 శాతం, పురుషులలో 5.5 శాతం. కనుక ఇది మీ ఒక్కరి లోపం అనుకోకండి. జూమ్‌లోనూ, టీమ్స్‌లోనూ మన బొమ్మను మనకు మాత్రమే కనిపించకుండా దాచే వీలుంది. ముందుగా అది చేయండి. మీరు మాట్లాడేటప్పుడు, పలకరింపుల సమయంలో కెమెరా ఉంచి, మిగిలిన భాగంలో ఆపుకోవచ్చా అని మేనేజరుగారిని నేరుగా అడగండి. వారానికి ఎన్ని కాల్స్‌లో మీరు నిజంగా ఉండాలో కూడా అదే మాటలో అడగండి.

ఇంట్లోవారి విషయానికొస్తే, తలుపు వేసుకోవడం కన్నా ఆ రోజు కాల్ ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పడం మా ఇంట్లో బాగా పనిచేసింది. అయినా కూత వినిపిస్తే మ్యూట్ నొక్కి ఊరుకోండి. క్షమాపణలు వరుసగా చెప్తేనే అందరి దృష్టీ అటు మళ్లుతుంది.

భీమవరం ఉద్యోగిని:

అందరికీ ధన్యవాదాలు. నిర్ణయాలు రాసే పని రేపే అడుగుతాను. ఒక్క సందేహం: రాసుకుంటూ తల దించితే, వేరే పని చేస్తున్నానని అనుకోరా? టైపు చేస్తే కీబోర్డు చప్పుడు వినిపిస్తుందేమో.

డల్లాస్ తెలుగువాడు:

కాగితం మీదే రాయండమ్మా. కాల్ మొదట్లో "ఈరోజు నోట్సు నేను రాస్తున్నాను" అని ఒక మాట అనేయండి, అప్పుడు తల దించినా ఎవరూ వేరుగా అనుకోరు. రాసినది కాల్ ముగిసిన అరగంటలోపే మెయిల్ చేయండి. ఎవరు, ఏమిటి, ఎప్పటికి అన్న మూడు సంగతులు ఉంటే చాలు, ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు.